మూడుసార్లు దించినా 75... ఒక్కసారి మొండికేస్తే 80!

తెరమీద పేకాట ఎప్పుడైనా శ్రద్ధగా గమనించారా? విలన్ నవ్వుతూ తన ముక్కలు తిరగేస్తాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరుస్తారు. హీరో తాపీగా ఒక్కొక్క ముక్కే పరుస్తాడు. విలన్ మొహం మాడిపోతుంది. హాల్లో ఈలలే ఈలలు!

2006లో వచ్చిన జేమ్స్‌బాండ్ చిత్రం 'కేసినో రాయల్' చూసినవాళ్లకు ఆ ఆఖరి పేకాట గుర్తుండే ఉంటుంది. ఒకే పంపకంలో ఒకడికి ఫ్లష్, ఇంకొకడికి ఫుల్‌హౌస్, విలన్‌కి అంతకంటే పెద్ద ఫుల్‌హౌస్, బాండ్‌గారికేమో స్ట్రెయిట్ ఫ్లష్! నలుగురికీ నాలుగు బ్రహ్మాండమైన చేతులు. 1965లో స్టీవ్ మెక్వీన్ నటించిన 'ది సిన్సినాటి కిడ్'లో ఇది తిరగబడుతుంది. కుర్ర హీరో ఫుల్‌హౌస్ పట్టుకుని కూర్చుంటే ముసలి ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ స్ట్రెయిట్ ఫ్లష్ చూపించి హీరోని మట్టి కరిపిస్తాడు. హీరో ఓడినా సరే, పేకాట అంటే పెద్ద ముక్కలు రావడం, వాటిని ఘనంగా చూపించడం అనే రెండు చిత్రాలూ మనకు చెబుతాయి.

నేను పోకర్ నేర్చుకున్నది ఇలాంటి సినిమాలు చూసే. అందుకే ముప్ఫై ఎనిమిది వేలు పోయాయి.

అది నా డబ్బైతే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. మా మావయ్య డబ్బు.

మాది మైలవరం. విజయవాడ దాటి ఇబ్రహీంపట్నం దగ్గర తిరువూరు రోడ్డు పట్టుకుంటే వస్తుంది. ఇక్కణ్ణుంచి నూజివీడు దాకా రోడ్డుకు రెండువైపులా మామిడి తోటలే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు ఎన్టీఆర్ జిల్లాలోకీ, నూజివీడు ఏలూరు జిల్లాలోకీ వెళ్లాయి గానీ, చిన్నరసాలకూ బంగినపల్లికీ ఆ సంగతి తెలియదు. సినిమా వార్తలు రాసుకుంటూ హైదరాబాదులో ఉండే నేను, 2020 మార్చిలో షూటింగులు ఆగిపోయి థియేటర్లు మూతపడేసరికి బట్టల సంచీతో ఊరు చేరాను. పని లేదు. జీతమా, ముందే లేదు. చేతిలో ఫోను మాత్రం ఉంది.

ఆ ఫోనులో పోకర్ ఉంది. మన రాష్ట్రంలో దానిమీద ఇంకా నిషేధం రాని రోజులు. మొదట్లో వందా, రెండొందలూ. రెండు వారాల్లో మూడు వేలు గెలిచాను కూడా. ఇంకేం? నాలో ఒక బాండు నిద్ర లేచాడు!

మా మావయ్య తోటలు కౌలుకు పట్టి కాయ అమ్మే వ్యాపారి. ఆ ఏడాది లాక్‌డౌన్లో లారీ దొరకడమే గగనం. మే నెలలో ఒక రాత్రి తొమ్మిదింటికి నా ఫోనుకి 38 వేలు పంపించి, "ఒరేయ్, పొద్దున్నే బెజవాడలో ట్రేలవాడికి వెయ్యి. నాకీ ఫోన్లో నొక్కడాలు సరిగా రావు" అన్నాడు. సరేనన్నాను. అప్పటికే నేను ఆటలో నాలుగు వేలు లోటులో ఉన్నాను.

తొమ్మిదిన్నరకు రెండు రాజులు వచ్చాయి నా చేతికి.

పోకర్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇప్పుడు లోకమంతా ఆడేది 'హోల్డెమ్' అనే రకం. ఒక్కొక్కరికి రెండే ముక్కలు, మూసి ఇస్తారు. బల్లమీద అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఇంకొకటి తెరుస్తారు. మొత్తం ఏడింట్లో మంచి ఐదు ఎవరివో వాళ్లది గెలుపు. ముక్కలు తెరిచిన ప్రతిసారీ పందెం. పెంచొచ్చు, సరిపెట్టొచ్చు, దించెయ్యొచ్చు. ఇంతే ఆట. నేర్చుకోవడానికి పావుగంట చాలు. అక్కడే ఉంది మోసమంతా.

నా రెండు రాజులతో పందెం పెంచాను. బల్లమీద ఆసు, ఏడు, రెండు తెరిచారు. అంతదాకా నోరెత్తని ఆసామి ఒకడు పందెం వేశాడు. నేను సరిపెట్టాను. మళ్లీ వేశాడు, ఈసారి పెద్దది. వాడి చేతిలో ఆసు ఉందని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. కానీ నా చేతిలో ఉన్నవి రాజులండీ! రాజుల్ని ఎలా దించను? దించలేదు. తొమ్మిది వేలు పోయాయి. వాటిని రాబట్టాలని ఇంకో పెద్ద బల్లకు వెళ్లాను. రాత్రి రెండూ నలభైకి ఖాతాలో సున్నా.

తెల్లవార్లూ పెరట్లో కూర్చున్నాను. పొద్దున మావయ్యకు చెప్పాను. అత్తయ్య కేకలేసింది. ఆయన మాత్రం ఏమీ అనకుండా కాఫీ తాగి, అప్పు చేసి ట్రేలవాడికి కట్టి, తోటకు వెళ్లిపోయాడు. ఆ మౌనం కంటే నాలుగు తిట్టినా బాగుండేది. సాయంత్రం వచ్చి, బీరువా మీదనుంచి పేక కట్ట తీసి, చాప పరిచాడు.

"కూర్చో. రమ్మీ. డబ్బుల్లేవు. పాయింట్లే."

రాజుల్ని దించడం

మా ఇంట్లో 201 ఆట. పదమూడు ముక్కలు చూసుకుని మొదటే దించేస్తే 25 పాయింట్లు పడతాయి. మధ్యలో దించితే 50. చివరిదాకా ఉండి ఓడితే చేతిలో ఉన్నదంతా లెక్క, గరిష్ఠం 80. పాయింట్లు 201 చేరినవాడు అవుట్. దించడాన్ని కొందరు 'డ్రాప్' అంటారు, కొందరు 'స్కూట్' అంటారు.

మొదటి రాత్రి నేను ఒక్కసారి కూడా దించలేదు. జోకరు లేకపోయినా, ఒక్క సీక్వెన్సుకి దారి లేకపోయినా, "వస్తుందేమో" అని పట్టుకు కూర్చున్నాను. నాలుగు ఆటలకే అవుట్. మావయ్య అప్పటికి రెండుసార్లు దించి, రెండుసార్లు షో చేశాడు.

"లెక్క చెప్పు. మూడుసార్లు దించితే ఎంత?"

"డెబ్భై ఐదు."

"ఒక్కసారి మొండికేస్తే?"

"ఎనభై."

"మరి?"

నెలరోజులు రోజూ రాత్రి ఇదే పని. ఆ నెలలో ఆయన నేర్పింది రమ్మీ అనుకున్నాను. కాదు, తోట కౌలు నేర్పాడు! మా వైపు తోటలు పూత మీదే మాట్లాడుకుంటారు. కాయ ఇంకా కంటికి కనిపించదు. తేనెమంచు పురుగు పట్టొచ్చు, పిందె రాలొచ్చు, మే నెలలో ఈదురుగాలి వచ్చి ఒక్క పూటలో చెట్టుకింద చాప పరిచినట్టు కాయ పరిచేయొచ్చు. ఇది జూదం కాదంటారా? అయినా మావయ్య ముప్ఫై ఏళ్లుగా ఇదే చేస్తూ ఇల్లు కట్టాడు. ఎలాగంటే, పది తోటలు చూస్తాడు, రెండో మూడో పడతాడు. మిగతావి దించేస్తాడు. పట్టినవి కూడా ఒకేచోట పట్టడు. ఒకటి రెడ్డిగూడెం వైపు, ఒకటి ఆగిరిపల్లి వైపు. గాలి అన్ని ఊళ్లకీ ఒకే సాయంత్రం రాదుగా!

మంచి పోకర్ ఆటగాడు చేసేదీ అచ్చంగా ఇదే. పది పంపకాల్లో రెండో మూడో ఆడతాడు, మిగతావి చూస్తూ కూర్చుంటాడు. రెండు ఆసులు ఒకేసారి చేతికి రావడం సగటున 221 పంపకాలకు ఒకసారి. ఏదో ఒక జత రావడం 17 పంపకాలకు ఒకసారి. అంటే ఆటలో ఎక్కువ భాగం విసుగు. ఆ విసుగు సినిమాలో చూపిస్తే ప్రేక్షకులు లేచిపోతారు, అందుకే చూపించరు. కొత్తవాడు ఆ విసుగు భరించలేకే డబ్బు పోగొట్టుకుంటాడు.

ఆడేవి ఎక్కువగా చివర్లో మాట్లాడే వంతు వచ్చినప్పుడు ఆడాలి. ముందువాళ్లంతా ఏం చేశారో చూసి నిర్ణయించుకోవచ్చు. అవే ముక్కలు మొదటి వంతులో దించదగ్గవి, చివరి వంతులో ఆడదగ్గవి అవుతాయి. బేరంలో కూడా ముందు ధర చెప్పినవాడు సగం ఓడినట్టే అంటాడు మావయ్య.

ఇక లెక్క. ఇది ఒక్కటి వస్తే సగం పోకర్ వచ్చినట్టే. మీ చేతిలో రెండు ఆఠీన్లు. బల్లమీద నాలుగు ముక్కలు తెరిచారు, అందులో రెండు ఆఠీన్లు. ఇంకొక్క ఆఠీను వస్తే ఫ్లష్. పదమూడింట్లో నాలుగు కనబడుతున్నాయి, తొమ్మిది మిగిలాయి. మీరు చూడని ముక్కలు 46. నలభైఆరింట్లో తొమ్మిది, అంటే దాదాపు ఐదింట ఒకటి. ఇప్పుడు బల్లమీద 300 ఉంటే అవతలివాడు 100 వేశాడనుకోండి. 100 పెట్టి 400 కోసం ఆడుతున్నారు. ఐదింట ఒకసారి గెలిస్తే సరికి సరి, పెట్టొచ్చు. అదే వాడు 300 వేస్తే? 300 పెట్టి 600 కోసం. మూడింట ఒకసారి గెలవాలి. మీకున్నది ఐదింట ఒకటే. దించెయ్యాలి. ఆఠీను వస్తుందా రాదా అన్నది ప్రశ్నే కాదు, ధర ఎంత అన్నదే ప్రశ్న. ఈ మాట చెప్పినప్పుడు మావయ్య నవ్వి, "దీనికి ఇంగ్లీషు పుస్తకాలెందుకురా? కాయ బాగుందా అని ఎవడైనా చెబుతాడు. ఎంతకు బాగుంది అన్నది చెప్పేవాడే వ్యాపారి" అన్నాడు.

బుకాయింపు సంగతి కూడా అడుగుతారు అందరూ. సినిమాల్లో కళ్లలో కళ్లు పెట్టి బుకాయిస్తారు. ఫోను ఆటలో కళ్లెక్కడివి? అక్కడ కనిపించేవి రెండే. ఎంత వేశాడు, ఎంతసేపట్లో వేశాడు. కాబట్టి బుకాయింపు అంటే కథ చెప్పడం. మన సినిమా భాషలో చెప్పాలంటే స్క్రీన్‌ప్లే. మొదటి రీలునుంచి మీ పందేలన్నీ ఒకే కథ చెప్పాలి. మొదట్లో పిరికిగా ఉండి, చివరి ముక్కకు హఠాత్తుగా సింహంలా గర్జిస్తే ఎవడూ నమ్మడు. ఇంకో సంగతి. దించడం తెలియనివాణ్ణి బుకాయించకూడదు. ఆ రాత్రి నన్నెవడూ బుకాయించలేదు, చూడండి! నేను దించనని వాళ్లకు తెలుసు. మంచి ముక్కలు వచ్చినప్పుడల్లా పందెం వేశారు, అంతే.

శకుని తప్పు లేదు

మా ఊరికి జూదం కథ కొత్త కాదు. వెనకటికి మైలవరం రాజావారి పోషణలో నడిచిన నాటక కంపెనీకి తెలుగుదేశమంతా పేరు. ఆ కంపెనీలో పేరు తెచ్చుకున్న యడవల్లి సూర్యనారాయణగారే 1936 నాటి 'ద్రౌపదీ వస్త్రాపహరణం' చిత్రంలో దుర్యోధనుడు. అందులో కృష్ణుడు సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారు. తమాషా ఏమిటంటే అదే సి.ఎస్.ఆర్.గారు ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత 'మాయాబజార్'లో శకుని! పాచికలు ఆపవలసిన చేతుల్లోకే పాచికలు వచ్చాయన్నమాట. ఆ తర్వాత శకుని అంటే మనకు ధూళిపాళగారే, 'దానవీరశూరకర్ణ' దాకా.

ఓడినవాళ్లందరూ శకునినే తిడతారు. నేనూ తిట్టాను. ఫోనులో ముక్కలు కలిపేది యంత్రం కదా, మోసం చేసిందేమో అన్నాను మావయ్యతో. ఆయన ముక్కలు కలుపుతూ, "శకుని సంగతి సరే. మొదటి జూదంలో అన్నీ పోయినా ద్రౌపది పుణ్యాన తిరిగొచ్చాయి కదా. రెండోసారి పిలిస్తే ధర్మరాజు మళ్లీ ఎందుకెళ్లాడు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. తొమ్మిది వేలు పోయిన క్షణం నుంచి నేనాడింది పోకరే కాదు. పోకర్ ఆటగాళ్లు దీన్ని 'టిల్ట్' అంటారు. ఒరిగిపోవడం. లెక్క తెలిసినవాడు కూడా ఆ స్థితిలో పనికిరాడు. దీనికి మందు ఆటలో లేదు. ఇంత పోతే లేస్తాను అని కూర్చోకముందే గీత గీసుకోవడం, గీత తాకగానే ఫోను పక్క గదిలో పెట్టడం తప్ప.

మరి ఇదంతా నేర్పా, అదృష్టమా? ఈ తగువు మన హైదరాబాదు రాష్ట్రం నాటి జూద చట్టం మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సికింద్రాబాదు క్లబ్బు ఒకదానిలో 1963లో పోలీసులు రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. 'ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ' అనే ఆ కేసులో న్యాయమూర్తులు తేల్చిందేమిటంటే, మూడు ముక్కలాటలా రమ్మీ కేవలం అదృష్టం కాదు, పడ్డ ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, అందులో నేర్పు ఉంది అని. పారెయ్యడం కూడా నేర్పే అని దేశపు పెద్ద కోర్టు 1960లలోనే గుర్తించింది. నాకు 2020 దాకా తెలియలేదు!

కానీ నేర్పున్న ఆటయినంత మాత్రాన నేర్పున్నవాడు గెలుస్తాడని లేదు. డబ్బాటలో ప్రతి బల్లమీదనుంచీ నిర్వాహకుడికి ఒక వాటా వెళ్తుంది. నూటికి ఐదు అనుకోండి. సమానమైన నేర్పున్న ఆరుగురు తెల్లవార్లూ ఆడితే ఆరుగురూ ఓడతారు, బల్ల గెలుస్తుంది. 2023 అక్టోబరునుంచి ఆటలో వేసిన డబ్బుమీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. గెలిస్తే దానిమీద 30 శాతం పన్ను. పైగా ఫోనులో వేగం! చాపమీద మావయ్య ముక్కలు కలిపి పంచేలోపు ఫోనులో రెండు మూడు పంపకాలు అయిపోతాయి. ఆలోచించడానికి వీల్లేని వేగంలో ఆలోచించే ఆట ఆడించడం... ఏమంటారు దీన్ని?

అవతల కూర్చున్నది మనిషేనా అన్నది ఇంకో అనుమానం. 2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గులో 'లిబ్రాటస్' అనే కంప్యూటర్ ప్రోగ్రాము నలుగురు ఆరితేరిన పోకర్ ఆటగాళ్లతో ఇరవై రోజులు, లక్షా ఇరవై వేల పంపకాలు ఆడి నలుగుర్నీ ఓడించింది. 2019లో 'ప్లూరిబస్' అనేది ఒకేసారి ఐదుగురితో కూర్చుని గెలిచింది. లిబ్రాటస్ సంగతిలో నాకు నచ్చింది గెలుపు కాదు. పగలు ఆటగాళ్లు దాని ఆటలో ఏ కంత కనిపెట్టారో, రాత్రికి రాత్రి ఆ కంత పూడ్చుకునేదట! మనం ఓడిన రాత్రి ఏం చేస్తాం? తలగడలో మొహం దాచుకుంటాం.

మావయ్యకు ఒక పాత డైరీ ఉంది. పట్టిన తోటే కాదు, వదిలేసిన తోట కూడా అందులో రాస్తాడు. ఎందుకు పట్టాడు, ఎందుకు వదిలాడు. కోత అయ్యాక ఏమైందో పక్కన రాస్తాడు. లాభం వచ్చినచోట కూడా ఒక్కోసారి "తప్పు" అని ఉంటుంది. అదేమిటని అడిగితే, "గాలి రాలేదు కాబట్టి మిగిలింది. వచ్చుంటే పోయేవాణ్ణి. పట్టడం తప్పే" అన్నాడు. పోకరులో పైకి రావాలనుకునేవాడికి ఇంతకు మించిన పాఠం నేనెక్కడా చదవలేదు. గెలిచిన చేతిని కూడా తప్పని రాసుకోగలగాలి. ఓడినదాన్ని ఒప్పని కూడా. నేను మొదట్లో గెలిచిన ఆ మూడు వేలు ఉన్నాయే, అవన్నీ తప్పులే. గాలి రాలేదంతే.

ఇప్పుడు డబ్బు పెట్టి ఫోనులో ఆడే వీలు పోయింది లెండి. 2017లో తెలంగాణ, 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పా అదృష్టమా అన్న తగువే పక్కన పెట్టి, డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కాదంది. నడిపినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటనల్లో కనిపించి "రండి, ఆడండి" అనేవాళ్లకూ శిక్ష ఉంది. మన తారలు కొందరికి ఆ మేరకు ఆదాయం తగ్గి ఉంటుంది, పాపం! ఆడినవాడిని మాత్రం ఆ చట్టం దోషిగా చూడలేదు, బాధితుడిగానే చూసింది.

నేనిప్పటికీ పోకర్ ఆడతాను. ఉత్త బిళ్లలతో, డబ్బు లేకుండా. "డబ్బు లేకపోతే మజా ఏముంది?" అంటారు స్నేహితులు. ఉత్త బిళ్లల బల్ల దగ్గర అందరూ పిచ్చిగా ఆడతారు, నిజమే. అక్కడ కూర్చుని పది పంపకాల్లో ఎనిమిది దించగలిగితే, అంతకంటే కష్టమైన సాధన లేదు. ఆడిన చేతుల్లో రెండింటిని రోజూ రాసుకుంటున్నాను. మొన్న మళ్లీ రెండు రాజులు వచ్చాయి, బల్లమీద ఆసు తెరిచారు, అవతలివాడు వరసగా రెండుసార్లు వేశాడు. దించాను. వాడి చేతిలో ఏముందో ఇప్పటికీ తెలియదు.

మావయ్య బాకీ రెండేళ్లు పట్టింది తీర్చడానికి. రాసిన వ్యాసాల డబ్బు, నెలకు వెయ్యీ, రెండు వేలూ. ఆఖరి వాయిదా ఇచ్చిన రోజున ఆ డైరీలో 2020 మే పేజీ చూపించమని అడిగాను. నా గురించి ఏం రాశాడో చూడాలని. అత్తయ్య వద్దంది. ఆయనే తీసి ఇచ్చాడు. ఒకటే పంక్తి.

"అబ్బాయికి ట్రేల డబ్బు 38,000. తప్పు నాది. పొద్దున ఇవ్వాల్సింది, రాత్రి ఇచ్చా."